ఈమెయిల్‌లో పంపడానికి ఫొటోలు చిన్నవి చేయడం: వరుసగా ఏం చేయాలి, ఎక్కడ పొరపాటు జరుగుతుంది

ఫొటోలు ఎటాచ్ చేస్తుంటే ఫైలు పెద్దదని మెయిల్ తీసుకోవడం లేదని కొందరు అడుగుతున్నారు. ఏదో యాప్‌లో చిన్నవి చేసి పంపితే అవతలివాళ్లకు మొహాలు కూడా సరిగ్గా కనబడటం లేదని ఇంకొందరు అడుగుతున్నారు. రెండింటికీ కారణం ఒకటే. ఎంతవరకు తగ్గించాలో తేల్చుకోకుండానే తగ్గించడం మొదలుపెడుతున్నాం.

అందరికీ ఎదురయ్యే సందర్భం ఒకటి తీసుకుందాం. కొత్తింటి గృహప్రవేశం అయింది. ఫోన్లో తీసినవీ, కెమెరామన్ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చినవీ కలిపి వందల ఫొటోలున్నాయి. వాటిలో 30 ఏరి డాలస్‌లో ఉన్న బాబాయికీ, ఊళ్లో ఉన్న పెద్దమ్మకూ మెయిల్ చేయాలి. బాబాయి ల్యాప్‌టాప్‌లో చూస్తారు, రెండు ఫొటోలు ప్రింటు కూడా వేయించుకుంటానన్నారు. పెద్దమ్మ ఫోన్లోనే చూస్తుంది, ఆవిడ ఊళ్లో సిగ్నల్ అంతంతమాత్రం. మొదటి నుంచి చివరిదాకా ఈ పనే చేద్దాం.

## 1. కొలత వేరు, బరువు వేరు

ఫొటోకు రెండు లెక్కలుంటాయి. ఒకటి కొలత. అంటే అడ్డంగా ఎన్ని పిక్సెల్స్ (ఫొటోను కట్టే చిన్న చుక్కలు), నిలువుగా ఎన్ని పిక్సెల్స్ అన్నది. 12 మెగాపిక్సెల్ ఫోన్ ఫొటో సుమారు 4000×3000 ఉంటుంది. రెండోది బరువు. అంటే ఆ ఫైలు ఎన్ని కేబీ, ఎన్ని ఎంబీ అన్నది. అదే 12 మెగాపిక్సెల్ ఫొటో జేపెగ్ (అంతటా వాడే ఫొటో ఫార్మాట్)లో సాధారణంగా 3 నుంచి 5 ఎంబీ ఉంటుంది.

మెయిల్ ఆపేది బరువును చూసి. కానీ బరువు తగ్గాలంటే ముందు కొలత తగ్గించాలి. మొత్తం పనిలో గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇదే.

కొలతను సగం చేస్తే, అంటే 4000×3000ను 2000×1500 చేస్తే, పిక్సెల్స్ సగం కావు, పావు వంతు అవుతాయి. 1 కోటి 20 లక్షల పిక్సెల్స్ 30 లక్షలకు దిగుతాయి. బరువు కూడా ఇంచుమించు అదే దారిలో పడిపోతుంది. ల్యాప్‌టాప్ తెరల్లో చాలావాటికి అడ్డంగా 1920 పిక్సెల్సే ఉంటాయి కాబట్టి, ఫొటోను తెరనిండా పెట్టి చూసినా తేడా కనబడదు.

కొలతను ముట్టుకోకుండా క్వాలిటీ (జేపెగ్‌ను ఎంత గట్టిగా కుదించాలో చెప్పే అంకె) ఒక్కటే తగ్గిస్తూ పోతే ఫొటో పాడవుతుంది. ఆకాశంలో గళ్లు, మొహాల మీద మరకలు, అక్షరాల చుట్టూ దుమ్ములాంటి చుక్కలు కనబడతాయి. "చిన్నది చేస్తే చెడిపోయింది" అనేవాళ్లలో చాలామంది చేసింది ఇదే. ముందు కొలత, తర్వాత క్వాలిటీ. ఈ వరుస మార్చొద్దు.

## 2. అవతలివాళ్లు ఆ ఫొటోతో ఏం చేస్తారు?

ఈ ప్రశ్నకు జవాబు దొరికితే కొలత దానంతటదే తేలిపోతుంది. కింద చెప్పినవి ఫొటో పొడవైన వైపుకు పెట్టాల్సిన పిక్సెల్స్.

- ఫోన్లో చూడటానికే అయితే: 1280
- ల్యాప్‌టాప్‌లో లేదా టీవీలో చూడటానికి: 1600 నుంచి 1920
- 4×6 అంగుళాల ప్రింటుకు: 1800
- 8×10 అంగుళాల ప్రింటుకు: 3000
- అంతకంటే పెద్ద ప్రింటు, ఆల్బమ్, ఫ్లెక్సీ: అసలు ఫైలే పంపాలి, చిన్నది చేయకూడదు

ప్రింటు లెక్క సులువు. మంచి ప్రింటుకు అంగుళానికి 300 పిక్సెల్స్ కావాలి. 6 అంగుళాలకు 1800, 10 అంగుళాలకు 3000.

బాబాయి కోసం 28 ఫొటోలు 1600లో చేస్తాం. ప్రింటుకు అడిగిన రెండూ అసలు ఫైళ్లే విడిగా పంపుతాం. పెద్దమ్మకు 1280 చాలు. ఇద్దరికీ ఒకే సెట్ పంపేయాలనిపిస్తే 1600 సెట్ పంపండి. కానీ పెద్దమ్మ డేటా ప్యాక్ మీద, నెమ్మది సిగ్నల్ మీద కొంచెం జాలి చూపిస్తే మంచిది. ఇంకో సెట్ తీయడానికి మనకు పట్టేది నిమిషం, అక్కడ ఆవిడకు తప్పేది చాలాసేపటి ఎదురుచూపు.

## 3. ఒక మెయిల్‌కు ఎంత బరువు పెట్టొచ్చు?

జీమెయిల్‌లో ఎటాచ్‌మెంట్ల హద్దు 25 ఎంబీ. అది దాటితే జీమెయిల్ తనంతట తానే ఫైలును గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింకు పంపుతుంది. ఆఫీసు మెయిళ్లలో హద్దు ఇంకా తక్కువ ఉండొచ్చు. 10 ఎంబీకే ఆపేసే కంపెనీలూ ఉన్నాయి.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈమెయిల్ పుట్టింది అక్షరాలు పంపడానికి. ఫొటోను అందులో పంపాలంటే దాన్ని అక్షరాలుగా మార్చాలి. ఈ మార్పులో ప్రతి 3 బైట్లు 4 అక్షరాలవుతాయి. అంటే ఫైలు బరువు దారిలో మూడో వంతు పెరుగుతుంది. మీ కంప్యూటర్లో 18 ఎంబీ చూపించే ఫొటోలు మెయిల్లోకి ఎక్కేసరికి 24 ఎంబీ అవుతాయి. అవతలి సర్వర్ హద్దు 20 ఎంబీ అయితే మీ వైపు నుంచి నిక్షేపంగా వెళ్లిన మెయిల్ అక్కడ తిరగ్గొట్టబడుతుంది.

అందుకే నేను చెప్పే లెక్క: ఒక మెయిల్‌కు మొత్తం 10 నుంచి 12 ఎంబీ దాటనివ్వకండి. ఆఫీసు మెయిల్‌కు పంపుతుంటే 7 ఎంబీ దగ్గర ఆపండి.

మన 28 ఫొటోలు ఒక్కోటి సుమారు 400 కేబీ అనుకుంటే మొత్తం 11 ఎంబీ చిల్లర. ఒక మెయిల్‌లో పడతాయి. అవే చిన్నవి చేయకుండా ఒక్కోటి 4 ఎంబీ చొప్పున పెడితే 112 ఎంబీ. ఏ మెయిలూ తీసుకోదు.

ఇంకో సంగతి. జీమెయిల్, డ్రైవ్, గూగుల్ ఫొటోస్ మూడింటికీ కలిపి ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. మీరు పంపిన ఎటాచ్‌మెంట్ మీ ఖాతాలోనూ, అవతలివాళ్ల ఖాతాలోనూ చోటు తీసుకుంటుంది. పెద్దవాళ్ల మెయిల్ నిండిపోయి కొత్త మెయిళ్లు రావట్లేదంటే ఇలాంటి బరువైన ఫొటోలు కూడా ఒక కారణం.

## 4. ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

ఈ భాగాన్ని దాటేయకండి. తర్వాత పడే ఇబ్బందుల్లో సగం ఇక్కడే తప్పిపోతాయి.

కాపీ తీసుకోండి. "మెయిల్ కోసం" అని కొత్త ఫోల్డర్ పెట్టి, ఏరిన ఫొటోలను అందులోకి కాపీ చేయండి. కట్ చేయొద్దు. ఇక మీరు చేసే పనంతా ఈ ఫోల్డర్‌లోనే. చిన్నది చేసిన ఫొటోను మళ్లీ పెద్దది చేస్తే పోయిన వివరాలు తిరిగి రావు. పిల్లాడి అన్నప్రాశన ఫొటో, ఇప్పుడు లేని తాతయ్య ఫొటో మళ్లీ తీయలేం కదా.

ఏరండి. ఒకే పోజులో నాలుగుంటే ఒకటి ఉంచండి. కళ్లు మూసుకున్నవి, కదిలిపోయినవి తీసేయండి. 60 ఫొటోలను చిన్నవి చేసి పంపడం కంటే 30 మంచివి పంపడం అందుకునేవాళ్లకూ హాయి.

అవసరం లేని అంచులు కత్తిరించండి. పాలు పొంగించే ఫొటోలో పక్కన ఖాళీ గోడ, ప్లాస్టిక్ కుర్చీలు ఉంటే క్రాప్ చేయండి. కొలత తగ్గించడానికి ముందే ఇది చేయాలి. 1600కు తగ్గించాక క్రాప్ చేస్తే మిగిలేది 900 కావచ్చు.

పక్కకు తిరిగినవి సరిచేయండి. నిలువు ఫొటో అడ్డంగా పడుకుని ఉంటే ఇప్పుడే తిప్పి సేవ్ చేయండి.

ఫార్మాట్ చూడండి. ఐఫోన్ 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఫొటోలను హెచ్‌ఈఐసీ అనే ఫార్మాట్‌లో దాస్తోంది. తక్కువ చోటు పడుతుంది కానీ పాత విండోస్ కంప్యూటర్లలో తెరుచుకోకపోవచ్చు. మెయిల్‌లో పంపేవి జేపెగ్ అయితేనే ఎవరికైనా తెరుచుకుంటాయి. ఇకముందు తీసేవి జేపెగ్‌లోనే రావాలంటే ఐఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో ఫార్మాట్స్, అక్కడ "మోస్ట్ కంపాటిబుల్" ఎంచుకోండి.

## 5. విండోస్ కంప్యూటర్లో

ఒకటి రెండు ఫొటోలకు ఫొటోస్ యాప్. ఫొటో తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కితే "రీసైజ్ ఇమేజ్" ఉంటుంది. వెడల్పు గడిలో 1600 కొట్టండి. నిలువు కొలత దానంతటదే మారాలి, మారకపోతే రెండింటి మధ్య ఉన్న తాళం గుర్తు విడిపోయిందని అర్థం. జేపెగ్ అయితే క్వాలిటీ జరిపే పట్టీ కనబడుతుంది, 80 దగ్గర పెట్టండి. కొత్త బరువు ఎంతో అక్కడే చూపిస్తుంది.

పాత కంప్యూటర్ అయితే పెయింట్. ఫొటో తెరిచి కంట్రోల్, డబ్ల్యూ కలిపి నొక్కండి. "పిక్సెల్స్" ఎంచుకుని, నిష్పత్తి నిలిపే టిక్ ఉందో లేదో చూసి, కొలత ఇచ్చి "సేవ్ యాజ్"తో వేరే పేరు పెట్టండి. పెయింట్‌లో జేపెగ్ క్వాలిటీని మార్చే వీలు లేదు. కొలత తగ్గించడానికి మాత్రం చాలు.

ముప్పై ఫొటోలు ఒకేసారి చేయాలంటే పవర్‌టాయ్స్. ఇది మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చేది, మైక్రోసాఫ్ట్ స్టోర్లో దొరుకుతుంది. అందులో ఇమేజ్ రీసైజర్ అని ఉంటుంది. విండోస్‌లో నేను అందరికీ మొదట చెప్పేది ఇదే.

1. పవర్‌టాయ్స్ వేసుకుని, సెట్టింగ్స్‌లో ఇమేజ్ రీసైజర్ ఆన్ చేయండి.
2. అక్కడే కొత్త కొలత ఒకటి చేర్చి "మెయిల్" అని పేరు పెట్టండి. "ఫిట్" ఎంచుకుని వెడల్పు 1600, ఎత్తు 1600 ఇవ్వండి. రెండూ ఒకటే ఇస్తే అడ్డం ఫొటోలకూ, నిలువు ఫొటోలకూ పొడవైన వైపు 1600 అవుతుంది. ఫొటో సాగదు.
3. జేపెగ్ క్వాలిటీ 80 నుంచి 85 మధ్య పెట్టండి.
4. ఫోల్డర్‌లో ఫొటోలన్నీ సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్ కొట్టి, ఇమేజ్ రీసైజర్ ఎంచుకోండి.
5. "చిన్నవి మాత్రమే చేయి, పెద్దవి చేయకు" అనే అర్థం వచ్చే టిక్ పెట్టండి. అసలు ఫొటోల మీదే మార్చమనే టిక్ మాత్రం తీసేయండి.
6. నొక్కగానే అదే ఫోల్డర్‌లో పేరు చివర "మెయిల్" అని ఉన్న కొత్త కాపీలు వస్తాయి.

అవుట్‌లుక్ డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ వాడేవాళ్లకు ఇంకో దారి ఉంది. ఫొటోలు ఎటాచ్ చేశాక ఫైల్ మెనూలో, ఇన్ఫో పేజీలో పెద్ద ఫొటోలను పంపేటప్పుడు చిన్నవి చేయమనే ఎంపిక ఉంటుంది. అది గరిష్ఠంగా 1024×768కి దించుతుంది. ఆఫీసు పనికి, సైటు ఫొటోలకు బాగుంటుంది. ఇంటి వేడుకల ఫొటోలకు మరీ చిన్నది.

## 6. మ్యాక్‌లో

ఫైండర్‌లో ఫొటోలు సెలెక్ట్ చేసి రైట్ క్లిక్ కొడితే "క్విక్ యాక్షన్స్"లో "కన్వర్ట్ ఇమేజ్" ఉంటుంది. జేపెగ్ ఎంచుకుని, కొలతల్లో "లార్జ్" లేదా "మీడియం" పెట్టండి. హెచ్‌ఈఐసీ నుంచి జేపెగ్‌కు మార్చడం, చిన్నది చేయడం రెండూ ఒకే దెబ్బకు అయిపోతాయి. అసలు ఫొటో అలాగే ఉంటుంది.

పిక్సెల్స్ కచ్చితంగా కావాలంటే ప్రివ్యూ వాడండి. ఫొటోలన్నీ కలిపి తెరిచి, పక్క పట్టీలో అన్నింటినీ సెలెక్ట్ చేసి, టూల్స్ మెనూలో "అడ్జస్ట్ సైజ్" నొక్కాలి. ఇక్కడ జాగ్రత్త చాలా అవసరం. ప్రివ్యూ మార్పులను తనంతట తానే అసలు ఫైలు మీద సేవ్ చేసేస్తుంది. నాలుగో భాగంలో కాపీ తీసుకోమన్నది ముఖ్యంగా ఇందుకే.

## 7. ఫోన్లో

ఐఫోన్. ఆపిల్ మెయిల్ యాప్‌లో ఫొటోలు పెట్టాక, పైన అడ్రసుల వరుస నొక్కితే ఇమేజ్ సైజు కనబడుతుంది: స్మాల్, మీడియం, లార్జ్, యాక్చువల్. ఇంటివాళ్లకు లార్జ్, ఊరికే చూసి వదిలేసేవాటికి మీడియం. స్మాల్ వద్దు, మొహాలు గుర్తుపట్టడం కష్టమవుతుంది.

జీమెయిల్ యాప్ వాడుతుంటే ఫొటోలను ముందు ఫైల్స్ యాప్‌లోకి సేవ్ చేయండి. అక్కడ ఫొటో మీద వేలు పెట్టి నొక్కి పట్టుకుంటే క్విక్ యాక్షన్స్, అందులో కన్వర్ట్ ఇమేజ్ వస్తుంది. ఐఓఎస్ 16 నుంచి ఈ సదుపాయం ఉంది.

ఆండ్రాయిడ్. శాంసంగ్ గ్యాలరీలో ఫొటో తెరిచి ఎడిట్ నొక్కి, మూడు చుక్కల్లో రీసైజ్ చూడండి. మార్చాక కాపీగానే సేవ్ చేయండి. మీ ఫోన్ గ్యాలరీలో ఇది లేకపోతే బ్రౌజర్లో స్క్వూష్ అనే ఉచిత సైట్ వాడొచ్చు. గూగుల్ క్రోమ్ బృందం చేసింది. మీ ఫొటో ఏ సర్వర్‌కూ వెళ్లదు, పనంతా మీ బ్రౌజర్లోనే జరుగుతుంది. ఒకసారికి ఒక ఫొటోనే చేస్తుంది, కానీ మధ్యలో ఉన్న గీతను అటూ ఇటూ జరిపి ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది అని పక్కపక్కనే చూసుకోవచ్చు. క్వాలిటీ అంటే ఏమిటో కళ్లతో చూసి నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. ఫార్మాట్‌గా మోజ్‌జేపెగ్ ఎంచుకోండి, వచ్చేది మామూలు జేపెగ్ ఫైలే. వెబ్‌పీ, ఏవీఐఎఫ్ ఇంకా తేలిక అవుతాయి కానీ అవతలివాళ్ల పాత కంప్యూటర్లో తెరుచుకోకపోవచ్చు.

ఇంటివాళ్ల ఫొటోలను, ఆధార్, పాస్‌పోర్ట్ కాపీలను మాత్రం ఊరూపేరూ తెలియని "ఫొటో కంప్రెస్" సైట్లలో పడేయకండి. అవి ఎక్కడికి వెళ్తాయో మీకు తెలియదు.

వాట్సాప్ ద్వారా చిన్నది చేయడం. ఫొటోను ఎవరికో వాట్సాప్‌లో పంపి, అక్కడి నుంచి దించుకుని మెయిల్ చేసేవాళ్లు చాలామంది. చూడటానికే అయితే తప్పు లేదు. ప్రింటుకు మాత్రం ఆ కాపీ పంపకండి. వాట్సాప్‌లో అసలు ఫైలు చెక్కుచెదరకుండా వెళ్లాలంటే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పెట్టాలి.

## 8. క్వాలిటీ ఎక్కడ పెట్టాలి?

జేపెగ్ క్వాలిటీకి 100 పెట్టడం వృథా. 100కూ 85కూ కంటికి తేడా దాదాపు ఉండదు, బరువు మాత్రం చాలా తగ్గుతుంది. 80 నుంచి 85 మధ్య పెట్టి వదిలేయండి. 70 దాకా దిగినా చాలా ఫొటోలు తట్టుకుంటాయి. 60 కంటే కిందకు వెళ్లాల్సి వస్తోందంటే కొలత ఇంకా పెద్దగా ఉందన్నమాట. క్వాలిటీ మీద పడకుండా కొలతను ఇంకో మెట్టు దించండి.

ఒకే కొలత, ఒకే క్వాలిటీ పెట్టినా అన్ని ఫొటోలూ ఒకే బరువు రావు. తెల్ల గోడ ముందు నిలబడిన దంపతుల ఫొటో 250 కేబీలో వస్తే, బంతిపూల తోరణాలతో నిండిన గుమ్మం ఫొటో 700 కేబీ ఉండొచ్చు. ప్రతి రేకూ, ప్రతి మామిడాకు అంచూ ఒక వివరం. వివరం ఎక్కువైతే బరువూ ఎక్కువ. తప్పు మీది కాదు, ఆ ఫొటో అంతే.

చిన్నది చేశాక ఒక్క ఫొటోనైనా 100 శాతం జూమ్‌లో చూడండి. ఫొటో మొత్తం చూడనక్కర్లేదు. మూడు చోట్లు చాలు:

- పట్టుచీర జరీ అంచు. గీతలు విడివిడిగా ఉండాలి. అలికినట్టు కలిసిపోతే క్వాలిటీ తక్కువైంది.
- గోడకు ఆనిన జుట్టు అంచు. చుట్టూ చిన్న చిన్న గళ్లు కనబడితే క్వాలిటీ పెంచాలి.
- వెనక వరుసలో ఉన్నవాళ్ల కళ్లు. కళ్లు తెలియకపోతే కొలత చాలలేదు. గ్రూప్ ఫొటోకు 1600 చాలకపోతే అది ఒక్కటీ 2400లో పెట్టండి.

ఈ మూడూ బాగుంటే మిగతాదంతా బాగున్నట్టే.

## 9. శుభలేఖలు, కాగితాలు, స్క్రీన్‌షాట్లు

వీటికి పైన చెప్పిన పద్ధతి అచ్చంగా సరిపోదు.

జేపెగ్ వెలుగునీడలను పూర్తి వివరంగా దాచి, రంగులను మాత్రం చాలాసార్లు సగం వివరంతోనే దాస్తుంది. మన కన్ను రంగులో తేడాను అంత సూక్ష్మంగా పట్టదు కాబట్టి మొహాలకు, చెట్లకు ఇది చెల్లిపోతుంది. మన శుభలేఖ దగ్గర చెల్లదు. పసుపు కాగితం మీద ఎర్ర అక్షరాలంటే అక్షరం గీత సన్నం, తేడా అంతా రంగులోనే. చిన్నది చేయగానే ఒత్తులు, గుడులు అలికినట్టయి ముహూర్తం ఎన్ని గంటలకో చదవలేని స్థితి వస్తుంది.

దీనికి చేయాల్సింది:

- శుభలేఖను 1600లో కాకుండా 2000 నుంచి 2400లో ఉంచండి.
- క్వాలిటీ 90 పెట్టండి.
- గింప్ అనే ఉచిత ఫొటో ఎడిటర్‌లో ఎక్స్‌పోర్ట్ చేస్తుంటే అడ్వాన్స్‌డ్ ఎంపికల్లో క్రోమా సబ్‌శాంప్లింగ్‌ను 4:4:4 పెట్టండి. రంగు కూడా పూర్తి వివరంతో నిలుస్తుంది.
- ప్రెస్సువాళ్ల దగ్గర పీడీఎఫ్ ఉంటే అదే అడిగి తీసుకోండి. అన్నిటికంటే మేలు.

స్క్రీన్‌షాట్లు సాధారణంగా పీఎన్‌జీ అనే ఫార్మాట్‌లో ఉంటాయి. అక్షరాలే ఉన్న స్క్రీన్‌షాట్‌ను పీఎన్‌జీగానే ఉంచండి, అసలే తేలిక. కెమెరా ఫొటో పీఎన్‌జీలో ఉంటే మాత్రం వెంటనే జేపెగ్‌కు మార్చండి. కొలత తగ్గించకపోయినా బరువు ఎన్నో వంతులు పడిపోతుంది.

పొలం పాస్‌బుక్, మార్కుల జాబితా, బిల్లుల లాంటి కాగితాలను కెమెరాతో ఫొటో తీయడం కంటే ఫోన్లోని స్కాన్ సదుపాయంతో పీడీఎఫ్ చేయడం మంచిది. ఐఫోన్‌లో నోట్స్ యాప్, ఆండ్రాయిడ్‌లో గూగుల్ డ్రైవ్ యాప్ ఈ పని చేస్తాయి. నీడలు పోతాయి, పేజీలన్నీ ఒకే ఫైలుగా వస్తాయి.

## 10. దరఖాస్తు ఫారాలకు "ఇన్ని కేబీల్లోపే" అంటే

మెయిల్ సంగతి కాకపోయినా ఎక్కువమంది అడిగేది ఇది కాబట్టి చెప్పాలి. బ్యాంకు ఉద్యోగాలకు ఐబీపీఎస్ ఫొటోను 200×230 పిక్సెల్స్, 20 నుంచి 50 కేబీ మధ్య అడుగుతుంది. సంతకం 140×60, 10 నుంచి 20 కేబీ. అమెరికా వీసా ఫారానికి ఫొటో చతురస్రంగా ఉండాలి. కనీసం 600×600, గరిష్ఠం 1200×1200, బరువు 240 కేబీ దాటకూడదు. ఏ ఫారమైనా ఆ నోటిఫికేషన్‌లో ఉన్న కొలతనే చివరిమాటగా తీసుకోండి.

వరుస ఇది:

1. ముందు సరైన నిష్పత్తిలో క్రాప్ చేయండి. 200×230 అడిగితే ఆ ఆకారంలోనే కత్తిరించాలి. సాగదీసి సరిపెడితే మొహం లావైపోతుంది, ఫొటో తిరస్కరిస్తారు.
2. కొలత కచ్చితంగా ఇవ్వండి.
3. చివర్లో క్వాలిటీని జరుపుతూ అడిగిన కేబీలోకి తీసుకురండి. స్క్వూష్‌లో జరుపుతుంటేనే బరువు కనబడుతుంది.

కనీస బరువు కూడా ఉంటుందని మర్చిపోవద్దు. 20 కేబీ కనీసమన్నచోట 12 కేబీ ఫొటో పెట్టినా తీసుకోదు. అలాంటప్పుడు క్వాలిటీని 95కు పెంచితే బరువు పైకి వస్తుంది.

## 11. ఎటాచ్ చేసి పంపడం

ఫొటోలను మెయిల్ రాసే చోటులోకి లాగి వదలకండి. ఉత్తరం మధ్యలో అతుక్కుపోతాయి, అవతలివాళ్లకు విడిగా దించుకోవడం కష్టం. క్లిప్ గుర్తు నొక్కి ఎటాచ్ చేయండి. వర్డ్ ఫైల్లో అతికించి పంపడం కూడా వద్దు.

జిప్ చేస్తే బరువు తగ్గుతుందని చాలామంది నమ్ముతారు. జేపెగ్ అప్పటికే కుదించిన ఫైలు. 12 మెగాపిక్సెల్ ఫొటో కుదించకుండా ఉంటే 36 ఎంబీ ఉండాలి, అది 4 ఎంబీకి వచ్చిందే జేపెగ్ వల్ల. జిప్ దాన్ని ఇంకేమీ పిండలేదు. 28 ఫైళ్లను ఒక్క మూటగా పంపడానికైతే జిప్ పనికొస్తుంది, కానీ ఫోన్లో చూసే పెద్దమ్మకు ఆ మూట విప్పడం ఇబ్బంది.

పంపే ముందు:

- [ ] ఎటాచ్ చేసింది చిన్న కాపీలేనా, అసలు ఫైళ్లా? పేరు చివర చూడండి
- [ ] మొత్తం 12 ఎంబీ లోపే ఉందా?
- [ ] అన్నీ జేపెగ్‌లో ఉన్నాయా?
- [ ] ఒక ఫొటోనైనా 100 శాతం జూమ్‌లో చూశారా?
- [ ] నిలువు ఫొటోలు నిలువుగానే ఉన్నాయా?
- [ ] లొకేషన్ తీసేశారా?

చివరిది గురించి ఒక మాట. ఫోన్లో తీసిన ఫొటోలో ఎక్కడ తీశారో ఆ చోటు కూడా దాగి ఉండొచ్చు. గృహప్రవేశం ఫొటో అంటే అది మీ కొత్తింటి అడ్రసే. బాబాయికి పంపితే పర్వాలేదు, నలుగురికీ ఫార్వర్డ్ అయ్యేదైతే తీసేయండి. విండోస్‌లో ఫైలు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్, అక్కడ కింద వ్యక్తిగత వివరాలు తొలగించే లింకు ఉంటుంది. ఐఫోన్‌లో షేర్ చేసేటప్పుడు పైన ఆప్షన్స్ నొక్కి లొకేషన్ ఆపేయండి. మ్యాక్‌లో కన్వర్ట్ ఇమేజ్ చేసేటప్పుడు "ప్రిజర్వ్ మెటాడేటా" టిక్ తీసేస్తే చాలు.

ప్రింటుకు అడిగిన రెండు అసలు ఫొటోలను రెండో మెయిల్‌గా విడిగా పంపండి. సబ్జెక్ట్‌లో "ప్రింటు కోసం" అని రాస్తే బాబాయి ఏది స్టూడియోకు ఇవ్వాలో తికమక పడరు.

## 12. ఏదైనా తేడా వస్తే

మెయిల్ తిరిగొచ్చింది. తిరిగొచ్చిన సందేశంలో సైజు గురించి ఉంటే ఫొటోలను రెండు మూడు మెయిళ్లుగా విడగొట్టండి. మెయిల్‌బాక్స్ నిండిందని ఉంటే ఎంత తగ్గించినా లాభం లేదు. అవతలివాళ్లకు ఫోన్ చేసి పాతవి తీసేయమనండి, ట్రాష్ కూడా ఖాళీ చేయమనండి.

మొహాలు సాగిపోయాయి. నిష్పత్తి తాళం విడిపోయింది. సాగిన ఫొటోను మళ్లీ నొక్కి సరిచేయొద్దు. అసలు కాపీ తీసుకుని మొదటి నుంచి చేయండి.

ఫొటో పక్కకు పడుకుంది. నిలువుగా తీశామన్న సంగతి చాలా ఫోన్లు ఫొటో లోపలి వివరాల్లో గుర్తుగా రాసుకుంటాయి. వివరాలు తీసేసేటప్పుడు ఆ గుర్తు కూడా పోతే ఇలా అవుతుంది. కాపీని ఎడిటర్లో తిప్పి సేవ్ చేసి, ఆ తర్వాతే వివరాలు తీసేయండి.

సేవ్ చేసిన ప్రతిసారీ ఇంకొంచెం పాడవుతోంది. జేపెగ్‌ను మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది. క్రాప్ చేసి ఒకసారి, వెలుగు పెంచి ఒకసారి, చిన్నది చేసి ఒకసారి సేవ్ చేయకండి. వీలైతే అన్నీ ఒకే విడతలో చేసి చివర ఒక్కసారే సేవ్ చేయండి. ఊరికే తెరిచి చూడటం వల్ల, కాపీ చేయడం వల్ల ఏమీ పోదు.

డీపీఐ 300 నుంచి 72కు మార్చినా బరువు తగ్గలేదు. తగ్గదు. డీపీఐ అన్నది ప్రింటర్ చదువుకునే గుర్తు. పిక్సెల్స్ అలాగే ఉంటే బరువూ అలాగే ఉంటుంది. పిక్సెల్స్ మార్చండి.

చిన్నది చేశాక ఫొటో కొంచెం మెత్తగా, పదును లేకుండా ఉంది. కొలత బాగా తగ్గించినప్పుడు ఇది మామూలే. గింప్ లాంటి ఎడిటర్లో చివరి మెట్టుగా కొద్దిగా షార్పెన్ చేయండి. ఎక్కువైతే జుట్టు తీగల్లా కనబడుతుంది, అక్కడ ఆపండి.

డ్రైవ్ లింకు పంపితే తెరుచుకోవట్లేదన్నారు. షేర్ నొక్కి యాక్సెస్ చూడండి. "రిస్ట్రిక్టెడ్" అని ఉంటే మీరు పేరు చేర్చినవాళ్లకు తప్ప ఎవరికీ తెరుచుకోదు. బాబాయి మెయిల్ ఐడీ చేర్చండి, లేదా లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చనే ఎంపిక పెట్టండి. రెండోదైతే ఆ లింకు ఎవరి చేతిలో పడినా తెరుచుకుంటుంది, కాబట్టి వాళ్లు దించుకున్నారని తెలిశాక మళ్లీ రిస్ట్రిక్టెడ్‌కు మార్చండి.

అసలు ఫొటో మీదే సేవ్ అయిపోయింది. కంగారుపడి ఇంకేమీ సేవ్ చేయకండి. ప్రోగ్రామ్ ఇంకా తెరిచే ఉంటే కంట్రోల్, జడ్ నొక్కి వెనక్కి వెళ్లి మళ్లీ సేవ్ చేయండి. మ్యాక్ ప్రివ్యూలో అయితే ఫైల్ మెనూలో "రివర్ట్ టు" కింద పాత రూపం దొరుకుతుంది. ఐఫోన్ ఫొటోస్ యాప్‌లో చేసిన మార్పులైతే ఎడిట్‌లోకి వెళ్లి "రివర్ట్" నొక్కొచ్చు. ఇవేవీ పనిచేయకపోతే గూగుల్ ఫొటోస్ బ్యాకప్‌లో, ఫోన్ గ్యాలరీలో, కెమెరామన్ ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లో వెతకండి. కెమెరామన్లు ఫైళ్లను కొన్నాళ్లే ఉంచి తీసేస్తారు, కాబట్టి ఆయనకు ఫోన్ చేయాల్సి వస్తే ఈరోజే చేయండి.